భాకరాపేట ఘాట్‌లో మా బండి ఆపి చూసిన పాలాయనకు

అన్నా, మీ పేరు అడిగితే "పేరెందుకు లేమ్మా, ముందు పొద్దుండంగానే పోండి" అన్నారు. అందుకే ఇలా రాస్తున్నా.

ఆదివారం తిరుపతి నుంచి తలకోనకు బయల్దేరిన మా బండి చైన్ ఘాట్ మలుపులోనే తెగింది. పక్కన లోయ, వెనక లారీ హారన్లు, మా ఆయనకు ఒకటే టెన్షన్. మీరు మాత్రం క్యాన్లున్న ఎక్సెల్ ఓరగా ఆపి, ముందు మా బండిని మలుపు దాటించి, ఆ తర్వాతే చైన్ పట్టుకున్నారు. సంచిలోంచి పాత చైన్ లాక్, కటింగ్ ప్లేయర్ తీసి పది నిమిషాల్లో బిగించేశారు. పాలబండిలో అవన్నీ ఎందుకుంటాయో ఇప్పటికీ అర్థం కాలేదు! డబ్బులిస్తే కోప్పడ్డారు కూడా.

మీరు చెప్పినట్టే నెమ్మదిగా పోయాం. 270 అడుగుల జలపాతం కింద పాచిరాళ్ల మీదికి పిల్లోణ్ణి పోనివ్వలేదు. తిరుగుదారిలో చంద్రగిరిలో ఆగి రాజమహల్ చూశాం. మూడంతస్తులు, కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారంట. వెలుతురుండగానే తిరుపతి చేరాం.

ఆ లాక్ ఇంకా గట్టిగానే ఉందన్నా. చాలా థాంక్స్. ఈసారి అటు వస్తే భాకరాపేటలో మీ కోసం అడుగుతాం, టీ అయినా తాగాలి మాతో.