పిర్ర లోపలి నొప్పిని చేత్తో నొక్కి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో నడుం నొప్పి, డిస్క్ జారడం గురించి వేశారు. బాగుంది, కానీ పిర్ర లోపల పుట్టి కాల్లోకి దిగే నొప్పి గురించి ఒక్క ముక్క లేదు. మా ఇంట్లో 8 నెలలు ఆ నొప్పితోనే గడిచాయి, అందుకే ఈ ఉత్తరం.

మా ఆయన తిరుపతి నుంచి కొండకు ట్యాక్సీ నడుపుతారు. రోజుకు రెండు మూడు ట్రిప్పులు, దిగేటప్పుడు ఆ మలుపుల్లో కుడికాలు బ్రేకు మీద నుంచి తీయడానికే ఉండదు. మొదట కుడి పిర్రలో ఎక్కడో లోతున సలుపు అన్నారు. ఎక్కడో చూపించమంటే బొటనవేలు లోపలికి గుచ్చి "ఇక్కడ, ఎముక పక్కన" అనేవారు. తర్వాత తొడ వెనక నుంచి పిక్క దాకా జివ్వున లాగడం, తిమ్మిరి. బండి దిగాలంటే రెండు చేతులతో కుడి తొడ పట్టుకుని కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని ఓ నిమిషం అలాగే నిలబడ్డాకే అడుగు వేసేవారు. ఇంటి ముందు అది చూసి ఎన్నిసార్లు లోపలికెళ్లి ఏడ్చానో.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి చూడకుండానే ఎంఆర్‌ఐ రాశారు. నడుం కింది పూసలు ఎల్4-ఎల్5 మధ్య డిస్క్ కొంచెం ఉబ్బిందని రిపోర్టు వచ్చింది, ఆపరేషన్ తప్పదన్నారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. ఖర్చు ఒక్కటే కాదు, నెలల తరబడి స్టీరింగ్ పట్టుకోకపోతే బండి కంతు ఎవరు కడతారు? నడివయసు వాళ్లలో నొప్పి ఏమీ లేకపోయినా స్కాన్‌లో డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలేనని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మా ఆడపడుచు పట్టుబట్టి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. ఆ అమ్మాయి స్కాన్ కవరు పక్కన పెట్టి "వెనక జేబులో ఏముందన్నా, తీయండి" అంది. పర్సు తీశారు. లైసెన్సు, ఆర్‌సీ, పర్మిట్ జిరాక్సులు, అలిపిరి టోల్‌గేటు పాత రసీదులు, చిల్లర నోట్లు, అన్నీ కలిపి రెండు వేళ్ల మందం. రోజంతా కుడి పిర్ర దాని మీదే. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి కుడి మోకాలు మడిచి ఎడమ భుజం వైపు తోస్తూ పాదాన్ని బయటికి తిప్పేసరికి "అదే, అదే నొప్పి" అని అరిచేశారు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. వెన్ను చివరి ముక్కోణపు ఎముక నుంచి తొడ ఎముక పైకొస దాకా పిరిఫార్మిస్ అనే చిన్న కండరం ఉంటుంది. మన ఒంట్లో అన్నింటికంటే లావైన సయాటిక్ నరం ఎక్కువమందిలో దాని కింద నుంచి, కొందరిలో దానిలోంచే కాల్లోకి దిగుతుంది. గంటల తరబడి కూర్చున్నా, పిర్ర మీద పడినా, అలవాటు లేకుండా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఒక్కరోజులో ఎక్కినా ఆ కండరం బిగుసుకుని నరాన్ని రాపాడవచ్చు. కూర్చుంటే ఎక్కువై, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గే నొప్పి, లోతుగా నొక్కితే ప్రాణం పోయినట్టుండే చోటు ఉంటే దీన్ని అనుమానించాలట. ఇదేనని తేల్చే ఒక్క పరీక్ష లేదు, అందుకే డిస్క్, తుంటి కీలు కూడా చూడాలి. ఇదీ, డిస్క్ నొప్పీ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి స్కాన్ దండగ అని నేననడం లేదు, ముందు చేత్తో నొక్కి చూడండని అడుగుతున్నాను.

వైద్యం ఇంత సులువా అనిపించింది. పర్సు ముందు జేబులోకి మారింది, ప్రతి ట్రిప్పు తర్వాత ఐదు నిమిషాలు నడక, రాత్రి వేడి కాపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, కుడి చీలమండను ఎడమ మోకాలి మీద పెట్టి, ఎడమ తొడను రెండు చేతులతో వెనకనుంచి పట్టుకుని ఛాతీ వైపు లాక్కోవాలి. పిర్రలో సాగినట్టు ఉండాలి, 30 సెకన్లు, మూడుసార్లు, పొద్దున సాయంత్రం. కాల్లోకి తిమ్మిరి పాకితే ఆపేయాలి. నొప్పి తగ్గాక పిర్రలకు బలమొచ్చే వ్యాయామాలు, పడుకుని నడుము పైకెత్తడం లాంటివి. మా ఆయన మొదటి వారం విసుక్కున్నారు, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. రెండో నెలకు తలుపు పట్టుకోకుండా దిగారు. ఇలా తగ్గనివాళ్లకు కండరంలోకి ఇంజెక్షన్ ఇస్తారట, ఆపరేషన్ ఎప్పుడో అరుదుగా. షుగరున్నవాళ్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి, షుగరు పెరుగుతుంది.

ఒకటి మాత్రం దయచేసి పెద్ద అక్షరాలతో వేయండి. కాళ్ల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, వ్యాయామాలు చేస్తూ కూర్చోకూడదు. జ్వరంతో వచ్చే నొప్పి, బరువు తగ్గిపోవడంతో వచ్చే నొప్పి కూడా అంతే. నరం పట్టిందని ఎవరితోనో తొక్కించుకోవడం, నొప్పి ఉన్న పిర్రలోనే కాంపౌండరుతో సూది వేయించుకోవడం వద్దు. సూది తప్పితే ఆ నరానికే దెబ్బ.

స్టాండులో మా ఆయనలాగే ఓ పక్కకు ఒరిగి కూర్చునేవాళ్లు నాకే నలుగురు తెలుసు. ఆటోవాళ్లు, బస్సు డ్రైవర్లు ఇంకెందరో. ఊరూరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) వారానికి ఒకరోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చుంటే మాలాంటివాళ్లు స్కాన్‌తో మొదలుపెట్టరు. మీరు ఈ వ్యాయామాన్ని బొమ్మలతో అరపేజీ వేస్తే ఆ పేజీలు నేనే కత్తిరించి స్టాండులో పంచుతాను.

ఇట్లు,
ఒక ట్యాక్సీ డ్రైవరు భార్య,
కొర్లగుంట, తిరుపతి