2024–25 వార్షిక నివేదిక: మన సంఘం, మన ఆవ చేను, మన స్వాతర్

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. మంచు తుఫాను వారాలు తప్ప ఆదివారం తెలుగు బడి ఆగలేదు. వంటలు చేసిన అమ్మలకు, ముగ్గుల పోటీ భుజాన వేసుకున్న చెల్లెళ్లకు, మైనస్ ముప్పై చలిలో కుర్చీలు మోసిన విద్యార్థులకు, అడక్కుండానే సౌండ్ సిస్టమ్ తెచ్చిన అన్నకు, హాలు అద్దె తగ్గించిన చర్చి పెద్దలకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఒకరిద్దరు మిగిలిపోతారని రాయడం లేదు.

ఇక అసలు విషయం, ఆవ చేను.

ఇక్కడ కెనడాలో, రిజైనా నగరానికి దక్షిణాన ఉండే ఒక పెద్దాయన, రిటైరైన రైతు, సంఘానికి ఒక పంట వరకు ఇరవై ఎకరాలు ఇచ్చారు. విత్తడం ఆయన కొడుకు చేసిపెట్టాడు. ప్రపంచంలో ఆవాలు ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో కెనడా ఒకటి. ఇక్కడి పంటలో పెద్ద భాగం మన సస్కాచెవాన్ రాష్ట్రానిదే. మనం వేసింది ఓరియంటల్ రకం, అంటే మన ఊళ్లో పోపులో చిటపటలాడే ఆవాల జాతే. పసుపు ఆవాలైతే నేరుగా కంబైన్ (పైరు కోసి గింజ నూర్చే యంత్రం) పెట్టొచ్చు. ఇది నిలువునా పూర్తిగా ఎండితే కాయ పగిలి గింజ నేలపాలవుతుంది. అందుకే కాస్త పచ్చిమీద కోసి, పనలు వేసి, ఆరాక కంబైన్‌తో ఎత్తుకోవాలి. కోసి పనలు వేసే ఆ యంత్రమే స్వాతర్.

పెద్దాయన షెడ్డు వెనక 1970ల నాటి వెర్సటైల్ స్వాతర్ ఉంది, విన్నిపెగ్‌లో తయారైనది. సులువుగా కాయ పగలని కనోలా (ఆవ జాతికే చెందిన నూనెగింజ పంట) రకాలు వచ్చాక చాలామంది నేరుగా కంబైన్‌తోనే కోసేస్తున్నారు, ఇలాంటి బళ్లు మూలన పడ్డాయి. "నడిపించుకోగలిగితే మీరే వాడుకోండి" అన్నారాయన.

ఇంజన్ మీద ఎలుకల గూడు. వైర్లు కొరికేసి ఉన్నాయి. కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా పట్టేసింది. కోసిన పైరును పక్కకు జరిపే కాన్వాసు పట్టాలు చేత్తో లాగితేనే చిరిగిపోయాయి. కత్తి బద్దె మీద త్రికోణపు బ్లేడ్లు వరసగా రివెట్లతో బిగించి ఉంటాయి. అరిగినవాటిని ఒక్కొక్కటే ఊడగొట్టి, కొత్తవి పెట్టి, రివెట్టు తలను సుత్తితో అణగ్గొట్టాలి. ఒక్క బ్లేడు వదులైనా దాని ముందుండే ఇనుప గార్డుకు తగిలి విరుగుతుంది. తెనాలి దగ్గర పల్లెలో ట్రాక్టర్ల మధ్య పెరిగిన మన సభ్యుడు, వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, ఈ పని దాదాపు ఒంటిచేత్తో చేశాడు. ఆయనకు సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టాలని నా కోరిక.

బండి నడపడమూ వేరే విద్యే. పవర్ ముందు చక్రాలకే ఉంటుంది. ఒక పక్క చక్రం వేగం తగ్గితే బండి అటు తిరుగుతుంది. వెనక చక్రాలు సూపర్‌మార్కెట్ తోపుడు బండి చక్రాల్లా ఎటు లాగితే అటు పోతాయి. మనలో ముగ్గురు పెద్దాయన దగ్గర నేర్చుకున్నారు.

ఆగస్టు చివర రోజూ కాయలు ఒలిచి గింజ రంగు చూశాం. కాయ పగలకుండా మంచు పదును మీదే కోత మొదలుపెట్టాం. బండి వెనక పన తాడులా పడుతుంటే, పొడవుగా వదిలిన మోళ్లు దాన్ని నేలకు అంటకుండా మోశాయి, అడుగునుంచి గాలి ఆడింది. పనల మీద వాన పడితే ఎలా ఉంటుందో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. కంబైన్ వచ్చేదాకా అందరికీ అదే టెన్షన్. పక్క రైతు కంబైన్ తెచ్చి పంట ఎత్తిచ్చారు, డీజిల్ డబ్బు కూడా తీసుకోలేదు. మేలో మనం పెట్టిన ఆవకాయలో పిండి ఆ ఆవాలదే. ఇరవై ఏళ్లుగా ఇక్కడుంటున్న అమ్మలు జాడీ మూత తీసి ఘాటుకు కళ్లు తుడుచుకున్నారు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాట్సాప్ గ్రూపులో మెచ్చుకుంటూ బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టినవాళ్లలో సగం మంది చేలోకి వచ్చినా ఆ సభ్యుడికి అన్ని శనివారాలు పోయేవి కావు. ఫొటోలకు మాత్రం అందరూ వచ్చారు. వెడల్పు బండిని రోడ్డు మీద తీసుకెళ్లే అనుమతి కోసం ఒక కార్యాలయానికి పదేపదే రాస్తే, జవాబు పంట ఇంటికొచ్చాక వచ్చింది. ఆలోపు పెద్దాయన పొలాల మీదుగానే దారి చూపించారు.

లెక్కలు విడిగా పంచాం, ఆడిటర్ సంతకం చేశారు. విడిభాగాల ఖర్చు పోను ఆవాలు అమ్మిన డబ్బులో సగం ఫుడ్ బ్యాంకుకు, సగం తెలుగు బడికి వెళ్లింది. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

ఈ సభ రెండు విషయాలు తేల్చాలి. స్వాతర్‌ను చలికాలం పైకప్పు కింద పెట్టడానికి చోటు కావాలి, మళ్లీ బయట ఉంచితే కొత్త కాన్వాసు మిగలదు. ఈ కోతకు బండి నేర్చుకునే మరో నలుగురు కావాలి, శనివారం ఉదయాలు నిజంగా రాగలిగినవాళ్లు. కాగితం బల్ల మీద పెట్టాం, వెళ్లేలోపు పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి