ఆ మేడంకి, అమ్మ తరఫున కూడా

నాన్న మరణ ధ్రువపత్రం ఈరోజు మధ్యాహ్నం అమ్మ చేతికి వచ్చింది. పేరు సరిగ్గా ఉంది, ఇంటిపేరుతో సహా. రేపు రాద్దాంలే అనుకుంటే ఇంకో పని మీద పడుతుంది, అందుకే ఆ కాగితం కోసం ఆఫీసులో మాకు సాయం చేసిన మేడంకి థాంక్స్ చెప్పాలని అన్నం కూడా తినకుండా కూర్చుని రాస్తున్నాను.

సర్టిఫికెట్‌లో మొదట ఇంటిపేరు పడలేదు, పేరులో ఒక అక్షరం కూడా తప్పు పడింది. ఆధార్‌లో ఒకలా, ఇందులో ఒకలా ఉంటే బ్యాంకు వాళ్లు ఒప్పుకోరు, అమ్మకి రావాల్సిన ఈపీఎఫ్ పింఛనుకి పెట్టే ఫారం 10-డి ముందుకు కదలదు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఇక్కడ ఇనిషియల్ చేసి చివర పెట్టేస్తారు, బెంగళూరులో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఈ బాధ తెలిసే ఉంటుంది. దాన్ని దిద్దించుకోవడానికి మా ఏరియా మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాం. ఏ ఆఫీసో, ఆ కౌంటర్లో ఎవరో రాయను.

కౌంటర్లో ఉన్నాయన మా అమ్మ ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. మోకాళ్ల నొప్పులతో కౌంటర్ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడతో "అప్పుడే చూసుకోవాల్సింది, ఇప్పుడొచ్చి ఏడిస్తే ఎలా" అన్నాడు. అమ్మ ఏడవలేదు, నెమ్మదిగా అడిగింది అంతే. వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త కాగితం కావాలంటాడు, అన్నీ ఒకేసారి చెప్పండి సార్ అంటే ఫోన్ చూసుకుంటాడు. ఒకరోజు ఫైలు మావైపు తోసేస్తే కాగితాలన్నీ నేల మీద పడ్డాయి, నాన్న ఫొటో ఉన్న పాస్‌బుక్ జిరాక్సు కూడా. అమ్మ వాటికోసం వంగబోయింది.

అప్పుడొచ్చారు ఆ మేడం. ఆవిడది వేరే సెక్షన్, ఇళ్ల ఖాతాల పని, అంటే ఆస్తి రికార్డులు, చూస్తారట. టిఫిన్ డబ్బా పట్టుకుని భోజనానికి వెళ్తున్నవారు, డబ్బా పక్కన పెట్టేసి, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, తనే కింద కూర్చుని ఒక్కో కాగితం ఏరారు. నాన్న ఫొటో ఉన్నదాన్ని కొంగుతో తుడిచి అన్నిటికన్నా పైన పెట్టారు. లోపలి నుంచి తన కుర్చీ తెచ్చి "కూత్కొళ్లి అమ్మా" అన్నారు. ఆ తర్వాత తెలుగే మాట్లాడారు, వాళ్లది ఆంధ్ర సరిహద్దు దగ్గరి చింతామణి వైపు.

ఆవిడ మొదట అడిగింది కాగితాల గురించి కాదు. "అయ్యగారు ఏం పని చేసేవారమ్మా?" అని. పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మెషీన్ మీద పని చేసేవారని అమ్మ మొదలుపెట్టి, నైట్ షిఫ్టుల దగ్గర్నుంచీ చెప్పుకుంటూ పోయింది. ఆవిడ భోజనం టైం అయిపోతోంది, అయినా మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక విషయం విడమరిచి చెప్పారు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలో 15వ సెక్షన్ ఇలాంటి తప్పులు దిద్దడానికే ఉందట. రిజిస్టర్‌లో పాతది కొట్టేయరు, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి రిజిస్ట్రార్ సంతకం, తేదీ వేస్తారు. విషయం తెలిసిన ఇద్దరు మనుషులు డిక్లరేషన్ ఇస్తే చాలన్నారు. ఇన్నాళ్లూ మాకు ఎవ్వరూ చెప్పనిది ఇంతే.

అమ్మకి కన్నడ చదవడం రాదు. అందుకని దరఖాస్తులో నాన్న పేరు కింద వేలు పెట్టి అక్షరం అక్షరం పైకి చదివి, "సరిపోయిందా అమ్మా? మీరు సరే అంటేనే లోపలికి పంపుతా" అన్నారు. నేను ఇక అక్కడ నిలబడలేకపోయాను. మెట్ల మీదకెళ్లి ఏడ్చాను. నాన్న పోయినప్పటి నుంచి ఆస్పత్రి బిల్లు, దినకర్మలు, బ్యాంకు అని పరుగులే తప్ప ఏడవడానికి తీరిక దొరకలేదు.

మేడం, మీ పేరు రాయొద్దన్నారు, పక్క సీట్ల వాళ్లతో ఇబ్బంది అవుతుందని. మంచిగా మాట్లాడినందుకు ఒక ఉద్యోగి భయపడాల్సి రావడం ఏమిటి? అక్కడే నా మనసు మండిపోతోంది. ప్రభుత్వ పనులు గడువులోగా చేసిపెట్టాలని కర్ణాటకలో సకాల చట్టం 2011లో తెచ్చారు, గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం, అదీ ఆలస్యం చేసినవాళ్ల జీతంలోంచి. చాలా మంచి చట్టం. కానీ ఒక పెద్దావిడని నిలబెట్టి నోటికొచ్చినట్టు మాట్లాడితే ఏ లెక్కలో రాస్తారు? ఆఫీసు గోడ మీద బోర్డులో ఏ పనికి ఎంత ఫీజు, ఎన్ని రోజులు అని ఉంది, జనంతో ఎలా మాట్లాడాలో ఒక్క ముక్క లేదు. మా మామగారు పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, కేంద్ర ఉద్యోగులకి 1964 ప్రవర్తన నియమాల్లో 3-ఎ అని ఒకటుందట, డ్యూటీలో మర్యాద తప్పకూడదని, కావాలని పని సాగదీయకూడదని. అలాంటిది ప్రతి వార్డు ఆఫీసులో, కౌంటర్ దగ్గరే, కన్నడలోనూ జనానికి అర్థమయ్యే మిగతా భాషల్లోనూ రాసిపెట్టాలి, కౌంటర్లో ఉన్నవాళ్లకి నేమ్ బ్యాడ్జి ఉండాలి, ఏ కాగితాలు తక్కువయ్యాయో ఒకేసారి రాసివ్వాలి, తప్పితే ఫిర్యాదు ఎవరికివ్వాలో పేరుతో సహా ఉండాలి. 2020 సెప్టెంబరులో పాత నగరపాలక కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ల తరబడి చెప్పుకోవడానికి కార్పొరేటరే లేకుండా పోయాడు ఈ ఊళ్లో. అసెంబ్లీ ఉండే విధానసౌధ మీద మాత్రం "సర్కారద కెలస దేవర కెలస", ప్రభుత్వ పని దేవుడి పని అని అంత పెద్దగా చెక్కి ఉంది.

మా ఆయన, తమ్ముడు సెలవులు పెట్టి తిరిగారు, మరదలు పిల్లల్ని చూసుకుంది. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టిన ఇద్దరూ, కొట్టు మూసుకుని మరీ వచ్చిన కింద కిరాణా కొట్టు అన్న, నాన్నతో కలిసి పనిచేసిన బాబాయి, ఇద్దరికీ దండాలు. ఆఫీసు ఎదురు జిరాక్సు కుర్రాడు చివర్లో డబ్బులే తీసుకోలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ తాత అమ్మని ఎండలో నిలబడనివ్వలేదు. అయ్యో, మా టీమ్ లీడ్‌ని మరిచిపోయాను, ఇన్నిసార్లు మధ్యాహ్నాలు మాయమైనా ఒక్క మాట అనలేదు. ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే కోపం తెచ్చుకోకండి, నిద్ర లేక బుర్ర పనిచేయట్లేదు, గుర్తొచ్చినప్పుడు ఇక్కడే రాస్తాను.