మాయాబజారులో మన మండువా ఇల్లు

చెన్నై, వడపళని.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపగించుకోకు. ఈ మూడు వారాల సాయంత్రాలన్నీ ఒక ఇల్లు కట్టడంలోనే గడిచిపోయాయి. స్థలం కొన్నానేమోనని కంగారుపడవద్దు, ఈ నగరంలో నా జీతానికి స్కూటరు నిలిపేంత చోటు కూడా రాదు. నేను కడుతున్నది సెకండ్ లైఫ్ అనే కంప్యూటరు లోకంలో, మా తాతగారి మండువా లోగిలిని.

2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికా సంస్థ తెరిచిన ఈ లోకాన్ని చాలామంది ఆట అంటారు గాని, అందులో గెలుపూ ఓటమీ లేవు. అక్కడి ఇళ్ళూ, ఓడలూ, కట్టుకునే బట్టలూ చాలావరకు అందులో తిరిగేవాళ్ళు తయారుచేసుకున్నవే. కొత్తగా ఒక దిమ్మెను సృష్టిస్తే అది ప్లైవుడ్ ముక్కలా పుడుతుంది. దానిని సాగదీసి, కోసి, పైన తగిన బొమ్మ అతికించి స్తంభంగానో గడపగానో మలుచుకోవాలి. మొదటివారం మా తాతగారి ఇల్లు అచ్చం వడ్రంగి కొట్టులా ఉండేది.

నీకు నవ్వు వచ్చినా సరే, ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అక్కడి నేలను రీజియన్లుగా విభజించారు. ఒక్కొక్కటి 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే 65,536 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 16 ఎకరాలు. ఇలాంటి కంప్యూటరు లోకాలను పిలిచే మెటావర్స్ అన్న మాట పుట్టిన నవల, నీల్ స్టీఫెన్‌సన్ 1992లో ప్రచురించిన ‘స్నో క్రాష్’లో, ఆ ఊహాలోకపు ప్రధాన వీధి పొడవు ఎంతో తెలుసా? సరిగ్గా 65,536 కిలోమీటర్లు! రెండును పదహారుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య అది. మనకు లక్ష ఎలా నిండు సంఖ్యో కంప్యూటరుకు అది అలాగ. ఈ ముక్క భోజనాల దగ్గర ఎంతో ఉత్సాహంగా చెబితే, మా ఆవిడ ‘చారు పోయనా?’ అని అడిగింది.

అయినా వడపళనిలో ఉంటూ ఈ పిచ్చి పట్టకపోతేనే వింత. 1957లో ‘మాయాబజార్’ తీసిన వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడొక మాల్ ఉంది. అక్కడ కాఫీ తాగుతున్నప్పుడల్లా, మూత తీస్తే మనసుకు నచ్చినవాళ్ళు కనిపించే ఆ ప్రియదర్శిని పెట్టె గుర్తుకు వస్తుంది. సెకండ్ లైఫ్‌లో మన తరఫున తిరిగే బొమ్మ పేరు అవతార్, అదీ మన మాటే. నెట్టు నెమ్మదిగా ఉన్నప్పుడు అవతార్ రూపు కట్టేదాకా మబ్బుతునకలా కనిపిస్తుంది. అలాంటి మబ్బు ఎదురైనప్పుడల్లా అందులోంచి ఘటోత్కచుడే దిగుతాడని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు చిక్కుకు వస్తాను. అక్కడ మనం చూసే చూపు అవతార్ కళ్ళలోంచి కాదు, దాని వెనక కొంచెం ఎత్తున తేలే కెమెరాలోంచి. అందుకని అక్కడివాళ్ళు గదులనూ ద్వారాలనూ ఉండవలసినదానికన్నా బాగా పెద్దవిగా కడతారు. నేనేమో పంతానికి పోయి, తలవంచి దూరవలసిన మన వంటింటి ద్వారాన్ని నిజం కొలతలతోనే పెట్టాను. లోపలికి అడుగు పెట్టగానే కెమెరా వెళ్ళి గోడకు కొట్టుకుని, నా అవతార్ పిడికెడు జుట్టు తప్ప మరేమీ కనిపించలేదు. పెద్దది చేస్తే ఇల్లు కల్యాణమండపంలా తయారైంది. చివరకు గదులను ఒకటిన్నర రెట్లు పెంచి, అరుగును మాత్రం ఉన్నది ఉన్నట్టుగానే ఉంచాలని నిశ్చయించుకున్నాను. అరుగుకు కప్పు ఎత్తుగానే ఉంది, ఎదురుగా గోడ లేదు కదా, కెమెరాకు వీధంతా చోటే.

మండువా మాత్రం నేను అనుకున్నదానికన్నా బాగా కుదిరింది. మామూలుగా అక్కడ ఒక రోజుకు నాలుగే గంటలు, మూడు గంటల పగలూ ఒక గంట రాత్రీ. ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే, పడుకునేలోగా మండువాలోకి ఎండ దిగడం, స్తంభాల నీడలు సాగడం, చీకటి పడడం అన్నీ చూడగలుగుతున్నాను. నిన్న వర్షం కూడా ఏర్పాటు చేశాను గాని, చినుకులు పెంకులను దాటుకుని వంటింట్లో కూడా పడ్డాయి. ఆ విషయంలో తాతగారి ఇల్లే నయం.

ఇప్పుడు నీతో పని పడింది. ఆ ఇంటి తాళంచెవి మీ అమ్మగారి దగ్గరే ఉంది కదా. ఆదివారం టేపు తీసుకువెళ్ళి అరుగు ఎత్తు, వెడల్పు, రెండు స్తంభాల నడుమ దూరం కొలిచి పంపు. అరుగు మీద మనం మేకుతో గీసిన పులిజూదం గళ్ళు ఇంకా చెరగకుండా ఉంటే, వాటికి నిలువుగా పైనుంచి ఒక ఫోటో తీసి పంపు.

నీ మిత్రుడు