ఆ రెండు రిపోర్టులూ చూశాక

రవీ,

నువ్వు పంపిన రిపోర్టులు రెండూ శ్రద్ధగా చదివాను. ఏడో వారంలో మీ ఆవిడకి, అదే మా చెల్లెమ్మకి, బ్రౌన్ స్పాటింగ్ (మరకలా కొద్దిగా రక్తం), ఇప్పుడు పన్నెండో వారం డబుల్ మార్కర్ రక్తపరీక్షలో పాప్-ఏ అనే ప్రోటీన్ 0.38. రెండూ కలిపి బిడ్డకేదో అయిపోయిందని నువ్వు తేల్చేసుకున్నట్టున్నావు. అలా కాదురా. ఆ రెండూ ముఖ్యంగా చెప్పేది మాయ (ప్లాసెంటా) గురించి. మాయ మీద ఎప్పుడు, ఎలా కన్నేసి ఉంచాలో తెలిస్తే భయం చాలావరకు పనిగా మారిపోతుంది.

ముందు బ్లీడింగ్ సంగతి. మొదటి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వాటిలో సగానికి పైగా గర్భాలు నిలుస్తాయి. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించాక ఆ అవకాశం ఇంకా బాగా పెరుగుతుంది. బ్రౌన్ రంగంటే లోపల నిలవున్న పాత రక్తం మెల్లగా బయటికొస్తోందని అర్థం. మంచం దిగొద్దని ఎవరైనా అంటే వినకు. బెడ్ రెస్ట్ వల్ల గర్భం నిలుస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదు, పైగా కదలకుండా పడుకుంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

అప్పట్లో 48 గంటల తేడాతో రెండుసార్లు హెచ్‌సీజీ (గర్భం వచ్చాక రక్తంలో పెరిగే హార్మోన్) పరీక్ష ఎందుకు చేయించారని అడిగావు. తొలి వారాల్లో ఒక్క అంకెతో ఏమీ తెలియదు, అది పెరిగే తీరు చూడాలి. మొదటి విలువ 1500 లోపుంటే రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలి. రెట్టింపు కాలేదని కంగారు పడేవాళ్ళు చాలామంది, కానీ అంత అక్కర్లేదు. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించాలి, ల్యాబ్ మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు. పెరుగుదల నెమ్మదిగా ఉండి, గర్భసంచిలో ఏమీ కనబడకపోతే అప్పుడు ట్యూబులో గర్భమేమో అని వెతుకుతారు. ఒక పక్క కడుపునొప్పి, భుజం కొసలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే రక్తం కొంచెమే కనిపించినా ఆగకూడదు, లోపల ఎక్కువగా పోతుండొచ్చు. చెల్లెమ్మకి గర్భసంచిలోనే గుండె చప్పుడు కనిపించింది కాబట్టి ఆ భయం తీరినట్టే. ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య గరిష్ఠానికి చేరాక హెచ్‌సీజీ దానంతటదే తగ్గుతుంది, ఇప్పుడు మళ్ళీ చేయించి తగ్గిందని బాధపడొద్దు.

ఇక అసలు విషయం, పాప్-ఏ. ఇది మాయ తయారుచేసే ప్రోటీన్. రిపోర్టులో 0.38 పక్కన ఎంఓఎం అని ఉంది చూడు, అదే వారంలో ఉన్న గర్భిణులందరి మధ్య విలువని 1గా తీసుకుంటే చెల్లెమ్మది 0.38 అని అర్థం. సుమారు 0.4 కంటే తక్కువైతే తక్కువ కిందే లెక్క. కానీ ఆ లెక్కలోకి ఏం వెళ్ళిందో ముందు చూడు. పాప్-ఏ వారం వారం వేగంగా పెరుగుతుంది, కాబట్టి గర్భం వయసు ఎక్కువ వేసేస్తే ఎంఓఎం ఉత్తినే తక్కువొస్తుంది. వయసు చివరి పీరియడ్ తేదీని బట్టి వేశారా, స్కాన్‌లో బిడ్డ పొడవుని బట్టి వేశారా అడుగు. రెండోదే నమ్మదగ్గది. బరువు కూడా సరిగ్గా రాయాలి, బరువెక్కువ ఉన్నవాళ్ళ రక్తంలో ఈ ప్రోటీన్ పలచబడి కనిపిస్తుంది. పొగతాగడం, ఐవీఎఫ్, కవలలు, ఇవన్నీ అంకెని మారుస్తాయి.

డౌన్ సిండ్రోమ్ గురించి నీ భయానికి జవాబు పాప్-ఏ ఒక్కదానిలో దొరకదు. ఆ స్థితిలో సాధారణంగా పాప్-ఏ తగ్గి, ఫ్రీ బీటా హెచ్‌సీజీ (హెచ్‌సీజీలో ఒక భాగం, డబుల్ మార్కర్‌లో రెండో అంకె) పెరుగుతుంది, మెడ వెనక నీరు మందంగా ఉంటుంది. తల్లి వయసుతో పాటు అన్నీ కలిపి వేసిన రిస్క్ ఎంతుందో చూడాలి. ఎక్కువొచ్చినా అది నిర్ధారణ కాదు, తర్వాతి పరీక్షకి వెళ్ళమనే సూచన.

ఆ రిస్క్ తక్కువుండి పాప్-ఏ మాత్రమే తగ్గితే, మాయ సరిగ్గా పాతుకోలేదేమో అని అనుమానిస్తారు. తర్వాతి నెలల్లో బిడ్డ ఎదుగుదల తగ్గడం, బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పు కావడం కాస్త ఎక్కువ. తొలినాళ్ళ బ్లీడింగ్ కూడా ఇదే వైపు చూపిస్తుంది. అందుకే ఈ వారమే డాక్టర్ని అడుగు, బీపీ ముప్పు లెక్క వేశారా అని. పాత కాన్పులు, ఇప్పటి బీపీ, గర్భసంచి రక్తనాళాల డాప్లర్ (రక్తం ప్రవహించే తీరు చూసే స్కాన్), కుదిరితే పీఎల్‌జీఎఫ్ అనే మరో రక్తపరీక్ష కలిపి వేస్తారు. ముప్పు ఎక్కువైతే 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రాత్రి పడుకునే ముందు, 36 వారాల దాకా. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో ఇది 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియాని (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) 62 శాతం తగ్గించింది. 16 వారాల్లోపు మొదలెడితేనే మేలు ఎక్కువ, కాబట్టి వాయిదా వేయకు. అలాగని నీ అంతట నువ్వు కొని వేయకు, బ్లీడింగ్ అయిన సంగతి డాక్టర్‌కి తెలిసి నిర్ణయించాలి.

ఎదుగుదల స్కాన్లు ఎప్పుడెప్పుడు పెడతారో కూడా అప్పుడే రాయించుకో. మధ్యలో తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళ ముందు మెరుపులు వచ్చినా, కుడి పక్కటెముకల కింద నొప్పి పుట్టినా, అదే రోజు బీపీ చూపించాలి.

అయిదో నెల దాటాక రక్తం కనిపిస్తే, ఎంత కొంచెమైనా, ఇంట్లో ఉండి చూద్దాం అనుకోవద్దు. నొప్పి లేకుండా ఎర్రగా వస్తే మాయ కిందికి ఉందేమో అనుకోవాలి, స్కాన్‌లో అది తేలేదాకా లోపలి పరీక్ష చేయనివ్వకు. కడుపు రాయిలా గట్టిపడి నొప్పిగా ఉంటే మాయ ఊడుతోందేమో, ఇందులో రక్తమంతా లోపలే నిలిచిపోయి బయటికి కొంచెమే రావచ్చు. ఏ నెలలోనైనా గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే నేరుగా ఎమర్జెన్సీకి.

ఒకటి మాత్రం నువ్వు రాయలేదు, చెల్లెమ్మ బ్లడ్ గ్రూప్. నెగెటివ్ అయితే, నీది పాజిటివ్ అయితే, 12 వారాల తర్వాత ఎప్పుడు బ్లీడింగ్ అయినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి శరీరం బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురుతిరగకుండా ఇచ్చేది) గురించి అడగాలి. ఫైల్ మొదటి పేజీ మీదే పెద్దక్షరాలతో రాసి ఉంచు. గ్రూప్ ఏంటో, స్కాన్‌లో బిడ్డ పొడవు ఎంతో నాకు వెంటనే రాయి, లెక్క నేను కూడా ఒకసారి చూస్తాను.

నీ
మాధవ్