బెలుం, గండికోట దారిలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టించండి

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా సెలవుల్లో మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్త కలిసి కర్నూలు నుంచి గండికోట దాకా కారులో వెళ్లొచ్చాం. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో రాళ్ల మధ్య పిల్లలు గంటసేపు ఆడుకున్నారు. పాణ్యం దగ్గర మలుపు తిరిగి బనగానపల్లె, అక్కణ్నుంచి యాగంటి, మధ్యాహ్నానికి బెలుం గుహలు, రాత్రికి జమ్మలమడుగు, మర్నాడు పొద్దున్నే గండికోట. నల్లరేగడి చేలు, నాపరాళ్లతో కట్టిన ఇళ్లు, చుట్టూ ప్రహరీ కూడా నాపరాళ్లే. పిల్లలు ఊరూరా బండి ఆపమన్నారు. ఇంత దగ్గర్లో ఇన్ని పెట్టుకుని సెలవులొస్తే ఊటీకి పోతున్నామే అని నిజంగా బాధేసింది.

ఈ ఉత్తరం మాత్రం మా అత్త కోసం రాస్తున్నాను. ఆమెకు అరవై నాలుగేళ్లు, షుగర్ ఉంది. పొద్దున ఇంట్లో బయల్దేరినప్పట్నుంచి చుక్క నీళ్లు తాగలేదు. ఎందుకత్తా అంటే "మధ్యలో యాడ దిగేదమ్మా, నీళ్లు తాగితే ఓర్చుకోలేను" అంది. అలాగే జరిగింది. ఒక పెట్రోలు బంకులో బాత్రూమ్‌కు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి పిల్లాడికి తెలీదు. ఇంకోచోట తలుపుకు గడియ లేదు, కుళాయిలో నీళ్లు లేవు, నేను చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఒక ఊళ్లో ఎవరో ఇల్లాలిని అడిగితే తన ఇంట్లోకి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు అందరికీ మజ్జిగ కూడా ఇచ్చింది. ఆమె మేలు మర్చిపోలేను, కానీ ఈ దారిన పోయే ప్రతి కారూ ఆమె గడప ముందు ఆగలేదు కదా.

అత్త ఆ మజ్జిగ కూడా ముట్టలేదు, అట్లాగే బెలుం గుహల్లోకి దిగింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టిన గుహలివి, మొత్తం పొడవు 3,229 మీటర్లు, 2002 నుంచి దాదాపు కిలోమీటరున్నర మేర జనం చూడడానికి తెరిచారు. లోపల ఎంత అందంగా ఉంటుందో అంత ఉక్క, ఐదు నిమిషాలకే చొక్కాలు తడిసిపోతాయి. పొద్దుట్నుంచి నీళ్లు లేని మనిషి ఏం తట్టుకుంటుంది? గుహ లోపల పారే పాతాళగంగ చూడకముందే కళ్లు తిరిగి కూలబడింది. మా ఆయన పట్టుకుని పైకి తీసుకొచ్చేదాకా మా టెన్షన్ అంతా ఇంతా కాదు. మర్నాడు గండికోటలో పెన్నా లోయ అంచుకు రాకుండా ధాన్యాగారం నీడలోనే కూర్చుండిపోయింది, ఇన్నేళ్లకు చూడ్డానికొచ్చిన మనిషి.

పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఎప్పట్నుంచో ఉంది, దాన్ని తనిఖీ చేయించండి చాలు, సగం బాధ తీరుతుంది. మిగతా సగానికి కొత్తగా కట్టాలి. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ ఒక్క దారి కర్నూలు, నంద్యాల, కడప మూడు జిల్లాల్లో పడింది, కాబట్టి ముగ్గురు కలెక్టర్లూ కలిసి కూర్చోవాలి. కట్టి వదిలేస్తే నెలకే పాడవుతాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పజెప్పండి, ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలకు రాష్ట్రమంతా పేరుంది, వాళ్లకు చేతగానిదేం కాదు. పక్కనే జొన్నరొట్టెలు, ఉగ్గాని అమ్ముకునే చిన్న కొట్టు పెట్టుకోనివ్వండి, మనిషికి పది రూపాయలు తీసుకోనివ్వండి. శుభ్రంగా ఉంటే సంతోషంగా ఇస్తాం. మరుగుదొడ్డి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో రోడ్డు మీద తెలుగులో బోర్డు పెట్టండి.

అన్నీ ఒకేసారి అడగడం లేదు. వచ్చే వేసవి సెలవుల్లోపు పాణ్యం, బెలుం దగ్గరి కొలిమిగుండ్ల మధ్య రెండు చోట్ల మొదలుపెట్టండి. మా అత్త మళ్లీ వస్తానంటోంది, ఈసారి పాతాళగంగ దాకా.

- ఒక పాఠకురాలు, కర్నూలు