మహాబలిపురంలో బస ఎక్కడ?

సంపాదకులు గారికి,

మహాబలిపురంలో బస అనగానే పర్యాటక వ్యాసాలు ఈస్ట్‌కోస్ట్ రోడ్డు వెంట ఉన్న రిసార్టులనే సూచిస్తుంటాయి. చిన్నపిల్లలతో, ఈతకొలను కోసం వెళ్లేవారికి అవి అనుకూలమే. అయితే శిల్పకళ చూడాలని వెళ్లేవారు ఊరి నడిబొడ్డున, ఒత్తవాడై వీధి పరిసరాల్లోని చిన్న లాడ్జీల్లో దిగడం మేలని నా అభిప్రాయం. 1984లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన తీర దేవాలయం, అర్జునుడి తపస్సు శిల్పం అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి; డిసెంబరు, జనవరి నెలల నాట్యోత్సవానికి వెళ్లినా రాత్రివేళ ఆటోవారితో బేరమాడే పని ఉండదు.

పంచ రథాలకు వెళ్లే దారిలో శిల్పుల కార్ఖానాలున్నాయి. ఆ పక్కనే గది తీసుకుంటే ఉలి చప్పుడు వింటూ నిద్రలేవవచ్చని కొందరు ఉబలాటపడతారు గానీ, ఇప్పుడు చాలాచోట్ల రాయిని ముందు కోత యంత్రంతో మలచి, కనుబొమలు, నగల వంటి సన్నపనికే ఉలి పడుతున్నందున, ఆ రొదనూ రాతిపొడినీ భరించడం కష్టం. పగటిపూట వెళ్లి, శిల్పి అనుమతితో కాసేపు నిలబడి చూడటమే ఉత్తమం.

బసల గురించి ప్రచురించేటప్పుడు అద్దెతో పాటు అవి ఏ వీధిలో ఉన్నాయో, ఆలయాలకు ఎంత నడకో కూడా తెలుపవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, నెల్లూరు